మూడేళ్లు నిండని ఇన్వర్టర్ బ్యాటరీ 40 నిమిషాలకే ఆగిపోతోంది, ముందు ఏం చూడాలి?

ఖమ్మం_కాపురం
ఇంట్లో 900 వీఏ సైన్‌వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబ్యులర్ బ్యాటరీ. కొని 32 నెలలు. కొత్తలో కరెంటు పోతే మూడు గంటలు నిక్షేపంగా లాగేది. ఇప్పుడు 40 నిమిషాలకే కూత పెట్టి ఆగిపోతోంది. దాని మీద నడిచేవి 3 ఫ్యాన్లు, 2 ఎల్ఈడీ ట్యూబులు, 2 బల్బులు, టీవీ, వైఫై డబ్బా. అమ్మకి రాత్రిళ్లు నెబులైజర్ పెట్టాలి, పెద్దమ్మాయికి ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. కొన్న షాపులో ఫోన్ మీదే "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించుకోండి" అన్నారు. డబ్బు పెట్టడానికి వెనకాడను. కానీ పోయింది బ్యాటరీయో, ఇన్వర్టరో, వైరింగో తెలియకుండా మార్చడానికి మనసొప్పడం లేదు. నేనే ఇంట్లో చూసుకోదగ్గవి ఏంటి? ఏ వరసలో చూడాలి?

గోదారి_గట్టు
నీళ్లెప్పుడు పోశారు? మూతల మీద నీళ్ల మట్టం చూపిస్తూ తేలే పుల్లలు పచ్చ దగ్గరున్నాయా, ఎరుపులోకి దిగిపోయాయా? ముందు అది చెప్పండి.

పాలమూరు_పోరడు
మూడేండ్లు అయితున్నయ్ కదన్నా. మా దిక్కు ఎండలకు ఏ బ్యాటరైనా నాలుగేండ్లు ఆగుడే ఎక్కువ. పాతది ఎక్స్‌చేంజ్‌ల ఇచ్చేసి కొత్తది తెచ్చుకో. పరీక్షల ముంగట ఈ పరేషాన్ ఎందుకు.

బ్యాటరీ_బాబాయ్
తొందరపడకు తమ్ముడూ. 32 నెలలు అన్నారు, అదే ఇక్కడ అసలు సంగతి. ట్యూబ్యులర్ వారంటీ కార్డు మీద 36+18 నెలలు అనో, 36+24 అనో ఉంటుంది. మొదటి అంకె లోపల పాడైతే ఉచితంగా మార్చివ్వాలి. రెండో అంకెలోకి వెళ్తే వాడుకున్న నెలలు లెక్కకట్టి తగ్గింపు మాత్రమే ఇస్తారు. అంటే ఖమ్మం గారికి నాలుగు నెలలే ఉన్నాయి. పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇస్తే ఆ హక్కు పోయినట్టే. ముందు కార్డు తీసి, దాని మీది సీరియల్ నంబరూ బ్యాటరీ మీదిదీ ఒకటేనా చూసుకోండి.

ఇక వరస. ఒకటి, లోడు: మీకు తెలియకుండా ఇన్వర్టర్ మీద ఇంకేదైనా నడుస్తోందా. రెండు, టెర్మినళ్లు: చిలుము, వదులు. మూడు, బ్యాటరీ లోపలి ఆరు గదుల్లో, అంటే సెల్స్‌లో, నీళ్ల మట్టం. నాలుగు, ఛార్జింగ్ వోల్టేజీ. ఐదు, ఒక్కో గది గ్రావిటీ, అంటే అందులో యాసిడ్ ఎంత చిక్కగా ఉందన్న కొలత. ఈ వరస తప్పించొద్దు. నీళ్లు తక్కువున్నప్పుడు గ్రావిటీ కొలిస్తే యాసిడ్ చిక్కబడి ఉంటుంది కాబట్టి అంకె ఎక్కువ చూపించి, పోయిన గది కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. మల్టీమీటరు, గ్రావిటీ కొలిచే గాజు గొట్టం హైడ్రోమీటరు తెచ్చుకోండి. రెండూ కలిపి నాలుగైదు వందల్లో వస్తాయి.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. ఎవరేం చెప్పినా యాసిడ్ పోయొద్దు.

ఈఈఈ_94
మొదట అసలు ఎంతసేపు రావాలో లెక్క కడదాం, అప్పుడే తేడా ఎంతో తెలుస్తుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు, మూడింటికి 225. ట్యూబులు 40, బల్బులు 18, టీవీ 60, వైఫై 10. మొత్తం 353. ఇన్వర్టర్ లోపల 15 శాతం పోతుందనుకుంటే బ్యాటరీ మీద పడేది సుమారు 415 వాట్లు, 12 వోల్టుల దగ్గర 35 ఆంపియర్లు.

150 ఏహెచ్ అన్న అంకె 20 గంటల లెక్క. 7.5 ఆంపియర్ల చొప్పున మెల్లగా లాగితేనే 150 వస్తుంది. 35 చొప్పున లాగితే మంచి బ్యాటరీ కూడా 100, 110 దగ్గరే ఆగుతుంది. 105ని 35తో భాగిస్తే 3 గంటలు. మీకు కొత్తలో మూడు గంటలు వచ్చిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఇప్పుడు 40 నిమిషాలంటే 23 ఏహెచ్ దగ్గరే ఆగుతోంది. వయసు మీరిన బ్యాటరీ ఏటా కొంత తగ్గుతూ వస్తుంది. మూడు గంటల నుంచి ముప్పావుగంటకు ఇలా ఒక్కసారి పడిపోవడం వయసు వల్ల కాదు.

సీమ_మిరప
ఎన్ని నాళ్లలో పడిపోయిందో చెప్పలే ఆయన. నెలలో పడిపోయిందా, ఏడాది పొడుగునా తగ్గుతా వచ్చిందా?

ఖమ్మం_కాపురం
@సీమ_మిరప రెండు నెలల్లోపే. సంక్రాంతికి బాగానే ఉంది.

వైరింగ్_మాస్టర్
లోడు పరీక్ష ఇలా. పగలు మీటరు దగ్గర మెయిన్ ఎంసీబీ దించెయ్యండి. ఇన్వర్టర్ నడుస్తుంటుంది. ఇంట్లో ప్రతి సాకెట్‌లో చిన్న టెస్ట్ ల్యాంపో, ఫోన్ ఛార్జరో పెట్టి చూసుకుంటూ రండి. ఏ సాకెట్ బతికుందో కాగితం మీద రాయండి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఫేజ్ వంటింటి సాకెట్‌కీ పోయి ఉంటుంది, అక్కడ వాటర్ ప్యూరిఫైయరో ఫ్రిజ్జో పెట్టి ఉంటారు. ఫ్రిజ్ నడిచేటప్పుడు 100 నుంచి 150 వాట్లే తీసుకున్నా కంప్రెసర్ అందుకునే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. సగం దిగిన బ్యాటరీ ఆ కుదుపుకే వోల్టేజీ పడిపోయి ఆగిపోతుంది. ఇస్త్రీపెట్టె, గీజరు, ఇండక్షన్ పొయ్యి, గ్రైండరు ఈ లైన్ మీద ఉండనే కూడదు.

ఇంకో మాట. మెయిన్ దించాక కూడా ఆ సాకెట్లలో 230 వోల్టులు ఉంటాయి. ఇంట్లో కరెంటు పని చేసేవాళ్లు ఎవరొచ్చినా మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపాకే చెయ్యి పెట్టనివ్వండి.

విజయనగరం_ఇల్లాలు
మెయిన్ దించే ముందు మోటారు, ఏసీ, ఫ్రిజ్ స్విచ్‌లు ఆపుకోండి. మళ్లీ మెయిన్ ఎత్తినప్పుడు అన్నీ ఒక్కసారే అందుకోకుండా ఉంటాయి.

బ్యాటరీ_బాబాయ్
టెర్మినళ్ల సంగతి నేను చెబుతా, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఇన్వర్టర్ ఆపి, గోడ సాకెట్‌లోంచి ప్లగ్గు పీకెయ్యండి. చేతికున్న ఉంగరం, కడియం, గడియారం తీసి పక్కన పెట్టండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ముందు నెగటివ్ విప్పాలి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు తిరగేసి, పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖర్న. స్పానర్ రెండు కొసలకీ తగిలితే అది ఎర్రగా కాలుతుంది, చెయ్యీ కాలుతుంది.

పచ్చగా నీలంగా ఉండే చిలుము రాగి తీగని యాసిడ్ ఆవిరి తినేస్తే వచ్చేది. తెల్లటిది సీసానిది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ఓ చెంచా వంటసోడా కలిపి పాత పళ్ల బ్రష్‌తో రుద్దండి. నురుగు ఆగేదాకా రుద్దాలి. ఆ సోడా నీళ్లు ఒక్క బొట్టు కూడా గదుల్లోకి దిగకూడదు, లోపలి యాసిడ్‌ని చంపేస్తుంది. అందుకని మూతలన్నీ గట్టిగా బిగించాకే ఈ పని. తర్వాత తడిబట్టతో, ఆపైన పొడిబట్టతో తుడిచి, ముందు బిగించి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. లోహానికీ లోహానికీ మధ్యన పూయకూడదు.

పాలమూరు_పోరడు
బాబాయ్ చెప్పినంక ఒప్పుకుంటున్న. వారంటీ సంగతి నేను సోంచాయించలే. అన్నా, కార్డు దొరకలేదంటే బిల్లన్న తియ్యి, కొందరు సీరియల్ నంబరు, బిల్లు ఉంటే తీసుకుంటరు.

గోదారి_గట్టు
నీళ్ల విషయం. ఇంట్లో ఆర్వో నీళ్లు పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. "శుద్ధి చేసినవే కదా" అంటారు. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 50 నుంచి 150 దాకా చూపిస్తాయి. బ్యాటరీలోకి వెళ్లేది 5 లోపు ఉండాలి. నీళ్లు ఆవిరైనా వాటిలోని క్లోరైడు, ఇనుము, సున్నం గదిలోనే ఉండిపోతాయి. ప్రతి పోతకీ పోగవుతూ ఉంటాయి. బోరు నీళ్లయితే చెప్పనక్కర్లేదు.

లెక్కల_సారు
మరి ఏసీలోంచి కారే నీళ్లు? అవి ఆవిరి చల్లబడి వచ్చినవే కదా, డిస్టిల్డ్ వాటర్‌తో సమానం కాదా?

గోదారి_గట్టు
@లెక్కల_సారు పుట్టుకలో సమానమే. కానీ అవి రాగి, అల్యూమినియం రెక్కల మీదుగా, ఏడాది దుమ్ము మీదుగా, నాచు పట్టిన గొట్టంలోంచి వస్తాయి. రాగి, ఇనుము రేణువులు బ్యాటరీకి విషం, ఛార్జి తనంతట తానే దిగిపోయేలా చేస్తాయి. బ్యాటరీ నీళ్లకు ఐఎస్ 1069 అని ప్రత్యేకంగా ప్రమాణమే ఉంది. ఐదు లీటర్ల డబ్బా ఏడాదికి ఒకటో రెండో పడుతుంది. వేలు పోసి కొన్న బ్యాటరీ దగ్గర అక్కడ మిగుల్చుకునేది ఏమీ లేదు.

లెక్కల_సారు
సరే, నాకు అర్థమైంది. వాన నీళ్ల సంగతి కూడా దాంతోనే తేలిపోయింది, డాబా మీదుగా వచ్చేవి కదా.

సీమ_మిరప
ఎంత పోయాలన్నది కూడా చెప్పండప్పా. మా ఊళ్లో అంచుదాకా నింపేస్తారు.

బ్యాటరీ_బాబాయ్
అంచుదాకా పోస్తే ఛార్జింగ్‌లో బుడగలొచ్చి పైకి పొంగుతుంది. పొంగేది నీళ్లు కాదు, యాసిడ్. పోయింది పోయినట్టే, ఆ గది బలం తగ్గుతుంది. నేల గచ్చు కూడా తినేస్తుంది. పుల్ల ఎరుపు గీత కిందకు వెళ్లకముందే పోయాలి, పచ్చ గీత చేరగానే ఆపాలి. పొడవాటి ట్యూబ్యులర్‌లో పుల్ల పూర్తిగా దిగితే ఒక్కో గదికి అర లీటరు దాకా పట్టవచ్చు. ప్లాస్టిక్ గరాటు వాడండి, లోహపుది వద్దు. మెల్లగా పోయండి, పుల్ల లేవడానికి కాస్త సమయం పడుతుంది.

ఖమ్మం_కాపురం
చూశాను. లోడు: అనుకోనిది ఒక్కటే, వంటింట్లో వాటర్ ప్యూరిఫైయర్ ఇన్వర్టర్ మీద ఉంది. తీసి పక్క సాకెట్‌కి మార్చాను. ఫ్రిజ్, మోటారు దీని మీద లేవు.
టెర్మినళ్లు: పాజిటివ్ మీద పచ్చటి చిలుము దిట్టంగా ఉంది. బాబాయ్ చెప్పినట్టే శుభ్రం చేసి బిగించాను.
నీళ్లు: పాజిటివ్ వైపు నుంచి లెక్కపెడితే 4వ గది పుల్ల పచ్చ దగ్గరే ఉంది. మిగతా ఐదూ ఎరుపు దాటి దిగిపోయాయి. నాలుగో గది అయినా బాగుంది కదా అనుకున్నాను.
ఐదింటికీ కలిపి దాదాపు రెండు లీటర్లు పట్టింది.

బ్యాటరీ_బాబాయ్
నాకు అనుమానం ఆ నాలుగో గది మీదే. ఆరు గదులూ ఒకే కరెంటు తీసుకుంటాయి, నీళ్లూ దాదాపు ఒకేలా తగ్గాలి. ఐదు తగ్గి ఒకటి తగ్గలేదంటే ఆ ఒక్కటీ ఛార్జి కావట్లేదన్నమాట. ఛార్జి నిండిన గదిలోనే నీళ్లు బుడగలై పోతాయి. లోపల పలకల మధ్య తుక్కు పేరుకునో, మధ్య అడ్డుపొర (సెపరేటర్) చిరిగో ఒకదానికొకటి తగులుతుంటే ఆ గది వోల్టేజీ పైకి లేవదు. ఆరింటికి పంచాల్సిన వోల్టేజీ ఐదింటి మీదే పడి, అవి అతిగా ఛార్జి అయ్యి నీళ్లు తాగేస్తాయి.

ఇప్పుడు ఛార్జింగ్ చూడండి. మల్టీమీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, కరెంటు ఉండగా బ్యాటరీ సీసపు కొసల మీద నేరుగా ఆనించండి, తీగ మీద కాదు. 10 గంటలు ఛార్జి అయ్యాక ఎంతుంది, "ఛార్జింగ్" దీపం "ఫుల్"కి మారుతోందా లేదా రాయండి. బ్యాటరీ పక్క గోడల మీద అరచెయ్యి పెట్టి ఏ గది ఎక్కువ వేడిగా ఉందో చూడండి.

ఈఈఈ_94
ఉండాల్సిన అంకెలు: ట్యూబ్యులర్‌కి నిండేటప్పుడు 14.4 దగ్గర, నిండాక నిలబెట్టేది 13.6 నుంచి 13.8. ఇన్వర్టర్ వెనక ఫ్లాట్, ట్యూబ్యులర్, ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని సీల్ బ్యాటరీ) అని చిన్న స్విచ్ ఉంటే ట్యూబ్యులర్ మీద ఉందా చూడండి. అది తప్పు ఎంపికలో ఉంటే బ్యాటరీ ఎన్నటికీ పూర్తిగా నిండదు. సల్ఫేటు గడ్డకట్టి రెండేళ్లలోనే ముసలిదైపోతుంది.

సోలార్_శీను
ఇంత కష్టం ఎందుకండీ. లిథియం పెట్టుకోండి. నీళ్లు లేవు, చిలుము లేదు, 2000 సార్లు దింపి నింపినా నడుస్తుంది. 12.8 వోల్టులు 100 ఏహెచ్ అంటే 1280 వాట్ అవర్లు, అందులో 90 శాతం వాడుకోవచ్చు. ఈ సీసపు 150తో వచ్చేదానికి దాదాపు దగ్గరే.

ఈఈఈ_94
@సోలార్_శీను మీరు చెప్పిన అంకెలు నిజమే. వారంటీ ఉన్న బ్యాటరీని వదిలేసి ఇప్పుడు అంత డబ్బు పెట్టమనడం మాత్రం సరికాదు. పైగా పాత ఇన్వర్టర్‌కి లిథియం అలాగే తగిలించకూడదు. ఛార్జింగ్ 14.6 దాటితే లోపలి రక్షణ సర్క్యూట్ (బీఎంఎస్) బ్యాటరీని విడగొట్టేస్తుంది. ఇన్వర్టర్‌లో లిథియం ఎంపిక ఉందో లేదో ముందు తేలాలి. ఎండలో కాలే మెట్ల గదిలో 45 డిగ్రీలు దాటాక ఛార్జి చెయ్యడం దానికీ మంచిది కాదు.

దోహా_తెలుగు
ఇక్కడే ఒకటి అడుగుతాను. నిజామాబాద్‌లో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. వంగి నీళ్లు పోయడం వాళ్ల వల్ల కాదు. వాళ్ల ఇంటికి ఏది మేలు?

సోలార్_శీను
అలాంటి ఇంటికి లిథియమే, ఇన్వర్టర్‌తో సహా. ఇది ఈఈఈ గారు కూడా కాదనరనుకుంటా.

ఈఈఈ_94
కాదనను. లిథియానికి అసలైన చోటు అలాంటి ఇల్లే. సీల్ చేసిన సీసపు బ్యాటరీకి కూడా నీళ్లక్కర్లేదు కానీ వేడికి తొందరగా అలసిపోతుంది, రోజూ కోతలుంటే ఎక్కువ ఏళ్లు రాదు. ఈలోగా ఉన్నదాంతోనే నడపాలంటే, ప్రతి నెలా ఒకటో తారీఖున ఆరు పుల్లలూ కనిపించేలా నాన్నగారిని ఫోటో తీసి పంపమనండి. ఎరుపు దగ్గర పడుతుంటే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పంపించండి.

దోహా_తెలుగు
ఫోటో ఆలోచన చాలా బాగుంది. ఈ రోజే చెబుతాను.

వైరింగ్_మాస్టర్
దోహా గారూ, అక్కడ ఫ్యాన్లు కూడా మార్పించండి. తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ రకం ఫ్యాను 28 నుంచి 35 వాట్లు. మూడు మారిస్తే 225 వాట్లు 90కి దిగుతాయి. ఖమ్మం గారి ఇంటి లెక్కలో 353 కాస్తా 218 అవుతుంది, అదే బ్యాటరీ మీద ఐదు గంటలు దాటుతుంది. పెద్ద బ్యాటరీ కొనేకన్నా ఇది మేలు, కరెంటు ఉన్నప్పుడు బిల్లులోనూ కలిసొస్తుంది. బీఎల్‌డీసీకి గోడ మీది పాత రెగ్యులేటర్ తీసెయ్యాలి, రిమోట్‌తోనే వేగం మార్చుకోవాలి.

విజయనగరం_ఇల్లాలు
ఆ రిమోట్ పెద్దవాళ్లకి ఇబ్బంది. గోడ స్విచ్ రెండుసార్లు ఆపి వేస్తే వేగం మారే రకాలు కొన్ని ఉన్నాయి, కొనేటప్పుడు అడగండి.

ఖమ్మం_కాపురం
కొలిచాను. రాత్రంతా, 11 గంటలు ఛార్జి అయ్యాక 13.1 వోల్టులు. దీపం "ఛార్జింగ్" మీదే ఉంది, "ఫుల్" రాలేదు. నాలుగో గది పక్కన చెయ్యి పెడితే మిగతా చోట్ల కంటే బాగా వేడి. వెనక స్విచ్ ట్యూబ్యులర్ మీదే ఉంది. ప్లగ్గు పీకి, లోడు లేకుండా మూడు గంటలు వదిలేశాక 11.6.

బ్యాటరీ_బాబాయ్
11.6 చూస్తే చాలు. నిండిన గది వోల్టేజీ సుమారుగా గ్రావిటీకి 0.84 కలిపినంత. ట్యూబ్యులర్ నిండితే 1.240, అంటే గదికి 2.08, ఆరింటికి 12.5 దగ్గర ఉండాలి. మీకు దాదాపు ఒక వోల్టు తక్కువ. గ్రావిటీ కూడా కొలిచి రాసిపెట్టుకోండి, షాపులో పనికొస్తుంది.

పద్ధతి ఇదీ: నిన్న పోసిన నీళ్లు రాత్రి ఛార్జింగ్‌లో కలిసిపోయి ఉంటాయి, ఇప్పుడు కొలవొచ్చు. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు పెట్టుకోండి. పక్కన బకెట్ నీళ్లు ఉంచండి. హైడ్రోమీటరు బుడ్డి నొక్కి, గొట్టం గదిలో ముంచి, లోపలి తేలుడు గాజు గోడకు తగలకుండా నిలబడేంత పైకి లాగండి. కంటికి సమంగా చదవండి. చదివిన యాసిడ్ ఆ గదిలోనే వదలాలి, పక్కదాంట్లో కాదు. ఒక్కో గది తర్వాత కొలత రాసుకోండి. ఆరింటి మధ్య 0.030 కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ తక్కువ గది దెబ్బతిన్నట్టే. వేడి వల్ల కాస్త తేడా వస్తుంది, 27 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకు 0.007 కలుపుకోండి.

ఖమ్మం_కాపురం
1వది 1.235
2వది 1.240
3వది 1.235
4వది 1.110
5వది 1.240
6వది 1.230

సీమ_మిరప
అయిపాయె. నాలుగోది పోయింది.

లెక్కల_సారు
మన సమస్యకు సరిగ్గా అమరింది. ఆ ఒక్క గదీ లోడు మీదకు రాగానే ఖాళీ అయి, తిరగబడి మిగతా ఐదింటి వోల్టేజీని కూడా తినేస్తుంది. మొత్తం 10.5 దగ్గరకు రాగానే ఇన్వర్టర్ ఆగిపోతుంది. ఐదు గదుల్లో ఇంకా ఛార్జి మిగిలే ఉంటుంది.

పాలమూరు_పోరడు
ఆ ఒక్క గదిల యాసిడ్ మార్చి చూస్తే కాదా? మా దగ్గర బ్యాటరీల దుకాణమోళ్లు చేస్తరు.

బ్యాటరీ_బాబాయ్
కాదు తమ్ముడూ, అందుకే మొదట్లోనే వద్దన్నా. ఛార్జి దిగినప్పుడు యాసిడ్ ఎక్కడికీ పోదు, పలకల్లోకి సల్ఫేటుగా చేరుతుంది. బయటికి ఆవిరయ్యేది నీళ్లే. 1.110 గదిలో యాసిడ్ పోస్తే హైడ్రోమీటరు అంకె పెరుగుతుంది, పలకలు మాత్రం అలాగే ఉంటాయి. లోపల తగులుకున్న పలకలు యాసిడ్‌తో విడిపోవు. పైగా వారంటీ కింద చూసేవాళ్లు గ్రావిటీ అసహజంగా ఎక్కువుంటే "బయట యాసిడ్ పోశారు" అని తిప్పి పంపుతారు. కొందరు ఆస్పిరిన్ బిళ్లలు వెయ్యమని కూడా చెబుతుంటారు. అది యాసిడ్‌లో విడిపోయి అసిటిక్ ఆమ్లం అయ్యి పాజిటివ్ పలకల సీసాన్ని కరిగిస్తుంది. రెండ్రోజులు బాగుపడ్డట్టు కనిపించినా ఆపైన పూర్తిగా పోతుంది.

ఈఈఈ_94
ఖమ్మం గారూ, ఒక జాగ్రత్త. ఇన్వర్టర్ ఇక ఎప్పటికీ "ఫుల్" అనుకోదు. మంచి ఐదు గదుల్లోకీ ఆగకుండా కరెంటు తోస్తూనే ఉంటుంది. హైడ్రోజన్ ఎక్కువగా వస్తుంది, గాలిలో 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా, పక్క గోడలు ఉబ్బినా వెంటనే గోడ ప్లగ్గు పీకి, కిటికీలు తెరవండి. మార్చేదాకా రాత్రిళ్లు ఛార్జింగ్‌లో వదలొద్దు. పగలు మనిషి ఉన్నప్పుడు నాలుగైదు గంటలు చాలు.

విజయనగరం_ఇల్లాలు
బ్యాటరీ దగ్గర అగరొత్తులు, దీపం వద్దు. మెట్ల కింద తలుపు మూసే అరలో ఉంటే ఆ తలుపు తీసే ఉంచండి.

వైరింగ్_మాస్టర్
అమ్మగారి నెబులైజర్‌కి ఈ నాలుగు రోజులూ ఇన్వర్టర్ మీద ఆధారపడొద్దు. ఛార్జి చేసుకునే మెష్ నెబులైజర్లు మందుల షాపుల్లో దొరుకుతాయి, శబ్దం కూడా ఉండదు. ఆవిడ వాడే మందు అందులో వాడొచ్చో లేదో డాక్టర్ని అడిగి తీసుకోండి, కొన్ని చిక్కటి మందులు మెష్‌లో సరిగా రావు. పెద్దమ్మాయి చదువుకి ఛార్జింగ్ లైటు, చిన్న ఛార్జింగ్ ఫ్యాను చాలు.

ఖమ్మం_కాపురం
అమ్మ కోసం ఈ సాయంత్రమే డాక్టర్ని అడుగుతాను. షాపుకి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి? వాళ్లు మళ్లీ "పోయింది, మార్చుకోండి" అంటే ఏమనాలి?

బ్యాటరీ_బాబాయ్
వారంటీ కార్డు, బిల్లు, బ్యాటరీ మీది సీరియల్ నంబరు ఫోటో, ఆరు గ్రావిటీలు, 13.1, 11.6 రాసిన కాగితం. "నాలుగో గది 1.110, మిగతావి 1.230 నుంచి 1.240. కంపెనీ వారంటీ కింద పరీక్షకు తీసుకోండి" అని అడగండి. ఫోన్ మాట వద్దు, ఫిర్యాదు నంబరు రాయించుకోండి. ఆ నంబరు మీద తేదీ పడుతుంది కాబట్టి 36 నెలల లోపే అడిగినట్టు రుజువు ఉంటుంది. వాళ్లు తాపీగా పరీక్ష చేసినా మీ గడువు పోదు. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు కార్డు మీదే ఉంటుంది, షాపు కదలకపోతే నేరుగా అక్కడ నమోదు చెయ్యండి. వాళ్లు బ్యాటరీని పరీక్షించే రోజుల్లో వాడుకోవడానికి స్టాండ్‌బై బ్యాటరీ అడగండి, చాలామంది డీలర్లు ఇస్తారు.

ఒకటి తెలుసుకుని వెళ్లండి. మార్చిచ్చిన బ్యాటరీకి సాధారణంగా కొత్త వారంటీ మొదలవదు, పాతదాంట్లో మిగిలినదే వర్తిస్తుంది.

బ్యాటరీ నిండుగా 50 కిలోల పైనే ఉంటుంది. ఇద్దరు పట్టుకోవాలి, ఆటోలో నిలువుగానే పెట్టాలి, పడుకోబెడితే యాసిడ్ కారుతుంది.

పాలమూరు_పోరడు
వారంటీ కింద తీసుకోకపోతే పాత సామానోడికి అమ్మకన్నా. సీసం ఇంట్ల కరిగించేటోళ్లు ఉంటరు, ఆ పొగ పిల్లలకు పడితే శానా ప్రమాదం.

ఈఈఈ_94
సరైన మాట. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుదే. డీలర్‌కే తిరిగివ్వండి. ఎక్స్‌చేంజ్ ధర బరువును బట్టి కడతారు కాబట్టి యాసిడ్ పారబోసి తీసుకెళ్లడం అసలే వద్దు, మురుగు కాల్వలో పోస్తే నేలా నీళ్లూ పాడు.

ఖమ్మం_కాపురం
షాపుకి వెళ్లొచ్చాను. కాగితం చూపించగానే వాళ్లూ హైడ్రోమీటరు పెట్టి చూశారు, నాలుగో గది 1.110 అనే వచ్చింది. వారంటీ కింద ఫిర్యాదు నంబరు ఇచ్చారు, స్టాండ్‌బై బ్యాటరీ పెట్టారు. వారంలో మార్చిస్తామన్నారు. కొత్తది వచ్చినప్పుడు ఏం చూసుకోవాలి? ఇప్పుడది డాబా మీది మెట్ల గదిలో ఉంది, పైన రేకులు.

సీమ_మిరప
రేకుల కిందనా! అక్కడే సగం ఆయుష్షు పోతాంది.

బ్యాటరీ_బాబాయ్
నిజం. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకు బ్యాటరీ ఆయుష్షు సగానికి పడుతుందని స్థూలమైన లెక్క. మీ ఖమ్మం ఎండల్లో రేకుల కింద ఎంతుంటుందో మీకే తెలుసు. ఇంట్లోకి దించండి. పడమటి గోడకు ఆనించకుండా, గాలి ఆడే వరండా మూల గానీ హాలు మూల గానీ. పడకగది, పూజగది వద్దు. గోడకీ బ్యాటరీకీ నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. ఇన్వర్టర్‌ని బ్యాటరీ నెత్తిన నేరుగా పెట్టొద్దు, ఆవిరి లోపలి బోర్డును తినేస్తుంది.

వైరింగ్_మాస్టర్
దించేటప్పుడు బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య తీగ పొడుగు చెయ్యకండి. రెండూ కలిసే కదలాలి. పొడుగు చెయ్యాల్సింది 230 వోల్టుల వైపు. 12 వోల్టుల తీగలో 35 ఆంపియర్లు పోతుంటే సన్న తీగ వల్ల అర వోల్టు దారిలోనే పోతుంది, బ్యాటరీ బాగున్నా ఇన్వర్టర్ ముందే ఆగిపోతుంది. లోడు మీద ఉండగా బ్యాటరీ కొస దగ్గరా, ఇన్వర్టర్ కొస దగ్గరా కొలవండి. తేడా 0.3 దాటకూడదు.

ఖమ్మం_కాపురం
వరండా మూల ఖాళీగా ఉంది, ఎండ పడదు. అక్కడికే దించుతాను. వైరింగ్ పని కూడా అదే రోజు చేయిస్తాను.

బ్యాటరీ_బాబాయ్
కొత్తది అందుకునేటప్పుడు మూత మీద గానీ పక్కన గానీ చెక్కిన తయారీ నెల చూడండి. ఆరు నెలల పాతదైతే వేరేది అడగండి, ఛార్జి లేకుండా పడి ఉంటే సల్ఫేటు పట్టి ఉంటుంది. తగిలించాక కనీసం 12 గంటలు ఛార్జి అయ్యేదాకా దాని మీద లోడు వెయ్యకండి. మరుసటి రోజు ఆరు గదుల గ్రావిటీ కొలిచి, తేదీతో కార్డు వెనక రాసిపెట్టండి. ఆర్నెల్లకోసారి అదే వరసలో కొలిచి కింద రాస్తూ పోండి.

ఖమ్మం_కాపురం
పెద్దమ్మాయి ఒక నోటు పుస్తకంలో గళ్లు గీసి ఇచ్చింది. మొదటి గీత కింద ఈ పాతదాని ఆరు అంకెలూ రాశాను. కొత్తది రాగానే దాని కొలతలు ఇక్కడ కూడా పెడతాను.